ట్రైలర్ రియాక్షన్ రాసే ముందు: "గ్రాఫిక్స్ తేలిపోయాయి" అని ఏ ఫ్రేమ్ చూసి అంటున్నారు?

#1 ఫ్రేమ్‌వేటగాడు
జానపద ఫాంటసీ గానీ, సైన్స్ ఫిక్షన్ గానీ, హారర్ గానీ, ట్రైలర్ పడిన పది నిమిషాల్లో ఈ విభాగంలో కనిపించేవి రెండే మాటలు. ఒకటి "పూనకాలు", రెండోది "గ్రాఫిక్స్ తేలిపోయాయి". రెండూ రియాక్షన్లే, కాదనను. కానీ చదివేవాడి చేతికి ఏమీ రాదు. ఏ షాట్, ఎన్నో సెకను, తేలిపోయింది అంటే ఏం తేలిపోయింది, అది రిలీజ్ లోపు బాగుపడే రకమా కాదా, ఇవి రాస్తేనే చర్చ. అందుకే ఈ దారం.

ముందు చూసే పద్ధతి. ఫోన్లో "ఆటో" క్వాలిటీ పెట్టుకుని చూసి గ్రాఫిక్స్ మీద తీర్పు ఇవ్వకండి. మొబైల్ డేటా ఊగితే ఆటో 480పికి దిగిపోతుంది. చీకటి సీన్లలో పొగ, నీళ్లు, బూడిద ముక్కలు ముక్కలుగా కనిపించేది చాలాసార్లు కంప్రెషన్ వల్లే, గ్రాఫిక్స్ వల్ల కాదు. కంప్యూటర్లో తెరిచి, ఉన్నవాటిలో పెద్ద రిజల్యూషన్ ఎంచుకోండి. మీ మానిటర్ 1080పి అయినా సరే, 4కె ఉంటే 4కె పెట్టండి. దానికి యూట్యూబ్ ఎక్కువ బిట్‌రేట్ (సెకనుకి ఎక్కువ డేటా) ఇస్తుంది కాబట్టి అదే షాట్ చిన్న తెర మీద కూడా శుభ్రంగా ఉంటుంది.

పాజ్ చేసి, కీబోర్డు మీద ఫుల్‌స్టాప్ నొక్కితే ఒక ఫ్రేమ్ ముందుకు, కామా నొక్కితే ఒక ఫ్రేమ్ వెనక్కి. వీడియో మీద రైట్ క్లిక్ చేసి "స్టాట్స్ ఫర్ నెర్డ్స్" తెరిస్తే రిజల్యూషన్, ఫ్రేమ్ రేటు, కోడెక్ (వీడియోని కుదించే పద్ధతి) అన్నీ కనిపిస్తాయి.

#2 నైట్‌షో_నాగోల్
అన్నా మంచి పని చేసినవ్. ఒక్క డౌటు. ట్రైలర్ పడంగనే 360పి తప్ప ఏం రాదు గదా కొన్నిసార్లు. అప్పుడు ఏం జేయాలె?

#3 ఫ్రేమ్‌వేటగాడు
ఆగాలి, అంతే. అప్‌లోడ్ అయిన వీడియోకి యూట్యూబ్ ముందు చిన్న సైజు కాపీలు తయారుచేస్తుంది, పెద్దవి తర్వాత వస్తాయి. కోడెక్ దగ్గర "ఏవీసీ1" అని ఉండి 4కె కనిపించకపోతే ఇంకా వండుతున్నారని అర్థం. కాసేపాగి చూస్తే "వీపీ09" గానీ "ఏవీ01" గానీ వస్తుంది. అప్పుడు అదే షాట్ మళ్లీ చూడండి.

#4 పచ్చతెర
చిన్న సవరణ. ముందురోజే ఎక్కించి టైం పెట్టి విడుదల చేసే ట్రైలర్లకి ఈ గొడవ ఉండదు, అన్ని కాపీలూ సిద్ధంగానే ఉంటాయి. చివరి నిమిషం దాకా షాట్లు మారుస్తూ "సాయంత్రం 6:03" అని చెప్పి 8 దాటాక వదిలే ట్రైలర్లకే ఇది. మన దగ్గర ఏవి ఎక్కువో నేను చెప్పక్కర్లేదు.

ఫ్రేమ్ రేటు కూడా చూడండి. సినిమా 24 ఫ్రేములు. కొన్ని ట్రైలర్లు 30లో ఎక్కిస్తారు. అప్పుడు ప్రతి నాలుగు ఫ్రేములకీ ఒకటి రెండుసార్లు వస్తుంది. కెమెరా పక్కకి తిరిగే షాట్లలో సన్నగా కుదుపు కనిపిస్తుంది. దాన్ని చూసి "యానిమేషన్ జర్క్ కొడుతోంది" అని రాసేస్తున్నారు. ఫ్రేములు ఒక్కొక్కటిగా నొక్కి చూడండి. ప్రతి ఐదోసారీ బొమ్మ కదలకుండా ఉంటే తప్పు ఎక్కించినవాళ్లది, యానిమేటర్‌ది కాదు.

#5 కొత్తగాచేరా
టీవీలో చూస్తే నాకు అన్ని ట్రైలర్లూ సీరియల్‌లా కనిపిస్తాయి. కారణం?

#6 పచ్చతెర
టీవీలో మోషన్ స్మూతింగ్ ఆన్‌లో ఉంటుంది. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది. రెండు అసలు ఫ్రేముల మధ్య టీవీ సొంతంగా ఫ్రేములు పుట్టిస్తుంది. 24 ఫ్రేముల సినిమాలో ఒక్కో ఫ్రేమ్ మామూలుగా సెకనులో 48వ వంతు సేపు వెలుగు తీసుకుంటుంది. ఆ సహజమైన మసక ఉంటేనే మన కంటికి సినిమా అనిపిస్తుంది. టీవీ దాన్ని నున్నగా చేసేసరికి గ్రాఫిక్స్ అతుకులన్నీ బయటపడతాయి. సెట్టింగ్స్‌లో ఫిల్మ్‌మేకర్ మోడ్ గానీ సినిమా మోడ్ గానీ పెట్టండి, "డైనమిక్", "వివిడ్" వద్దు.

#7 నైట్‌షో_నాగోల్
సరే, ఇప్పుడు అసలు ముచ్చట. ఫ్యాన్స్ అందరూ ఒకటే పాట పాడ్తరు: "ఇది ఫైనల్ కాదు భయ్యా, రిలీజ్‌కి సెట్ చేస్తరు". నిజంగ చేస్తరా?

#8 పచ్చతెర
కొన్ని చేస్తారు, కొన్ని దేవుడొచ్చినా చేయలేరు. ఏది ఏ దశలో పుట్టిన తప్పో తెలిస్తే చాలు.

గ్రాఫిక్స్ షాట్ వరస దాదాపు ఇలా ఉంటుంది: సెట్‌లో తీసిన ప్లేటు (గ్రాఫిక్స్ కలపని అసలు షాట్), కెమెరా కదలికని పట్టుకునే మ్యాచ్‌మూవ్, మనుషుల్ని అంచులు గీసి విడదీసే రోటో, యానిమేషన్, లైటింగ్, రెండరింగ్, అన్నిటినీ కలిపే కంపోజిటింగ్, చివర్లో డీఐలో (డిజిటల్ ఇంటర్మీడియట్) రంగులు సరిచేయడం. తప్పు ఎంత చివరి దశదైతే అంత తేలిగ్గా బాగవుతుంది.

జుట్టు చుట్టూ ఆకుపచ్చ ఛాయ, అంచు కత్తిరించి అతికించినట్టు ఉండటం, బ్యాక్‌గ్రౌండ్ మరీ షార్ప్‌గా ఉండటం, నలుపులు కలవకపోవడం, ఇవి కంపోజిటింగ్ తప్పులు. షాట్‌కి రోజుల పని. రెండు వారాల్లో బాగుపడొచ్చు. రంగు వెలవెలబోవడం డీఐ పని, ఇంకా తేలిక.

జంతువు నడకలో బరువు లేకపోతే మాత్రం అది యానిమేషన్. దాన్ని మారిస్తే లైటింగ్, రెండరింగ్, కంపోజిటింగ్ మళ్లీ మొదటినుంచి. రిలీజ్ రెండు వారాల్లో ఉంటే మర్చిపోండి.

ఇక ప్లేటులోనే ఉన్న తప్పు. హీరో ముఖం మీద వెలుగు స్టూడియోలో పైనుంచి సమానంగా పడింది, వెనక మాత్రం సూర్యాస్తమయం పెట్టారు. నటుడు చూసే చూపు రాక్షసుడి కళ్లకి రెండు అడుగులు కింద ఉంది. నలుగురు నటులూ ఒకే వరసలో నిలబడ్డారు, ఎందుకంటే పచ్చతెర అంతే వెడల్పు. ఇవి రీషూట్ చేస్తే తప్ప పోవు. రియాక్షన్‌లో గట్టిగా రాయాల్సింది వీటి గురించే. అంచుల గురించి కాదు.

#9 ఫ్రేమ్‌వేటగాడు
దీనికి తోడు ట్రైలర్‌కీ రిలీజ్‌కీ మధ్య ఎన్ని రోజులున్నాయో తప్పక రాయండి. కల్కి 2898 ఏడీ తొలి గ్లింప్స్ 2023 జూలైలో శాన్ డియాగో కామిక్ కాన్‌లో వచ్చింది, సినిమా 2024 జూన్ 27న. మధ్యలో పదకొండు నెలలు. అదే సినిమా ట్రైలర్ 2024 జూన్ 10న, అంటే 17 రోజుల ముందు. గ్లింప్స్‌లో కనిపించిన లోపాన్నీ, ట్రైలర్‌లో కనిపించిన లోపాన్నీ ఒకే గాటన కట్టకూడదు. మొదటిదానికి "చూద్దాం" అనొచ్చు. రెండోదానికి, అంచులూ రంగుల్లాంటివి తప్ప, "ఇంతే" అనుకోవాలి.

బయటి ఉదాహరణ కావాలంటే హాలీవుడ్ సినిమా సోనిక్ ది హెడ్జ్‌హాగ్. 2019 ఏప్రిల్ చివర్లో ట్రైలర్ వచ్చింది, అందులో సోనిక్ పాత్ర పళ్లూ కళ్లూ చూసి జనం భయపడ్డారు. పాత్ర రూపమే మార్చడానికి సినిమాని 2019 నవంబర్ నుంచి 2020 ఫిబ్రవరి 14కి జరిపారు. రూపం మారాలంటే రిలీజ్ జరగాల్సిందే. ఆదిపురుష్ టీజర్ 2022 అక్టోబర్ 2న వచ్చాక కూడా గ్రాఫిక్స్ కోసమే 2023 జనవరి 12 నుంచి జూన్ 16కి వెళ్లారు. అందుకే "సెట్ చేస్తారు" అని ఎవరైనా అంటే అడగాల్సిన మొదటి ప్రశ్న: డేట్ మారిందా?

#10 బాల్కనీ_బి12
బాగా చెప్పారు. కానీ డేట్ మారినంత మాత్రాన బాగుపడినట్టు కాదండీ. ప్లేటు తప్పులకి అదనపు నెలలు ఇచ్చినా ఉపయోగం తక్కువ. పైన పచ్చతెర గారు చెప్పిన వరస ప్రకారమే చూడండి.

#11 కొత్తగాచేరా
నలుపులు కలవడం అంటే ఏంటి అక్కా? ఎలా కనిపెట్టాలి?

#12 పచ్చతెర
గోల్కొండ బాలా హిసార్ ఎక్కి ఊరి వైపు చూస్తే, దగ్గరున్న రాతిగోడ నీడ గాఢమైన నలుపు. దూరంగా ఉన్న బిల్డింగుల నీడ బూడిద రంగు. మధ్యలో ఉన్న గాలీ దుమ్మూ వెలుగుని చెదరగొడతాయి కాబట్టి దూరం పెరిగేకొద్దీ నలుపు పాలిపోతుంది. కంప్యూటర్లో కట్టిన కోటకి ఆ గాలి ఉండదు, కంపోజిటర్ చేత్తో వేయాలి. మర్చిపోతే మూడు కిలోమీటర్ల అవతలి గోపురం నీడ, హీరో చొక్కా మడత నీడ ఒకే నలుపులో ఉంటాయి. అప్పుడు గోపురం బొమ్మల కొలువులో బొమ్మలాగా ముందుకొచ్చేస్తుంది.

పరీక్ష తేలిక. స్క్రీన్‌షాట్ తీసి, ఫోన్లో ఫోటో ఎడిటర్ తెరిచి, "షాడోస్" చివరిదాకా పెంచండి. ఒకే దూరంలో ఉన్న నిజమైన వస్తువూ గ్రాఫిక్స్ వస్తువూ ఒకేలా తేలాలి. ఒకటి తేలి ఇంకోటి బొగ్గులా మిగిలితే కలవలేదన్నట్టు.

రెండో చోటు పాదాలు. పాదం నేలని తాకే చోట, చాలా సన్నగా, ముదురుగా ఒక నీడ ఉండాలి. అది లేకపోతే ఎంత గొప్ప సింహమైనా గాల్లో తేలుతుంది. "తేలిపోయింది" అనే మాట అచ్చంగా సరిపోయేది ఇక్కడే. ఫ్రేమ్ ఫ్రేమ్ నొక్కుతూ పాదం నేలమీద ఆనాక పక్కకి జారుతుందేమో కూడా చూడండి. జారితే మ్యాచ్‌మూవ్ తప్పో యానిమేషన్ తప్పో. నేలా పాదం రెండూ కలిసి వణికితే కెమెరా వణుకు, అది తప్పు కాదు.

#13 నైట్‌షో_నాగోల్
బరువు లేదు, బరువు లేదు అని అందరం అంటం. బరువు కొలిచే లెక్క ఏమన్న ఉందా?

#14 ఫ్రేమ్‌వేటగాడు
ఉంది, స్కూలు లెక్కే. కింద పడే వస్తువు మొదటి సెకనులో దాదాపు 5 మీటర్లు పడుతుంది. రెండు సెకన్లలో 20, మూడు సెకన్లలో 45. అంటే ఎత్తు తొమ్మిది రెట్లయితే పట్టే టైం మూడు రెట్లే. 50 మీటర్ల మినార్ పైనుంచి రాయి ఊడిపడితే నేల చేరడానికి 3.2 సెకన్లు, 24 ఫ్రేముల లెక్కన 77 ఫ్రేములు. ట్రైలర్లో అదే రాయి 30 ఫ్రేముల్లో నేలకొస్తే మీ కన్ను ఆ మినార్‌ని ఎనిమిది మీటర్లదిగా చదువుతుంది. మీకు లెక్క తెలియక్కర్లేదు, కన్నుకి తెలుసు. "ఏదో బొమ్మలా ఉంది" అనిపించేది అందుకే.

నడక కూడా అంతే. మనిషి అడుగుకి సుమారు అర సెకను. హుస్సేన్ సాగర్ బుద్ధ విగ్రహం సుమారు 18 మీటర్లు, మనిషికి పదింతలు. అంత ఎత్తు రాక్షసుడు నడిస్తే అడుగుకి పట్టేది అర సెకను ఇంటూ పది వర్గమూలం, అంటే 1.6 సెకన్లు, 38 ఫ్రేములు. అడుగు పొడవు ఏడు మీటర్లు కాబట్టి నిదానంగా కదిలినట్టు ఉంటూనే గంటకి 16 కిలోమీటర్లు పోతాడు. సాయంత్రం అమీర్‌పేటలో ఆటో కన్నా ముందే చేరతాడు.

పాతకాలం మినియేచర్లు తీసేవాళ్లదీ ఇదే సూత్రం. నాలుగో వంతు సైజు నమూనాని 48 ఫ్రేములతో, పదహారో వంతుదాన్ని 96 ఫ్రేములతో తీసి 24లో నడిపేవాళ్లు.

#15 బాల్కనీ_బి12
లెక్క సరే గానీ స్లోమోషన్ షాట్‌కి దీన్ని వేయకండి. మన ట్రైలర్లలో హీరో దూకే షాట్ మొత్తం ఒకే వేగంలో ఉండదు. లేచేటప్పుడు మామూలు, గాల్లో స్లో, దిగేటప్పుడు స్పీడు. ర్యాంపింగ్ చేసిన షాట్లో ఫ్రేములు లెక్కపెట్టి "ఫిజిక్స్ తప్పు" అని రాస్తే నవ్వుతారు. వేగం మారని షాట్ ఎంచుకోండి. వెనకాల దుమ్ము, గుడ్డలు, జనం ఉంటే వాళ్ల కదలిక చూసి వేగం అసలుదా కాదా తెలుస్తుంది.

#16 ఫ్రేమ్‌వేటగాడు
ఒప్పుకుంటున్నా. #14లో అది రాయాల్సింది.

#17 పచ్చతెర
నీళ్లూ నిప్పూ మాత్రం దాచలేరు. పెద్ద మంట నెమ్మదిగా ఊగుతుంది. మీటరు వెడల్పు మంట సెకనుకి ఒకటిన్నర సార్లు ఎగుస్తుంది, తొమ్మిది మీటర్ల మంట రెండు సెకన్లకి ఒకసారి. కోట తగలబడుతుంటే మంటలు పొయ్యిమీద మంటలా గబగబా ఆడుతున్నాయంటే చిన్న మంటని తీసి పెద్దది చేసి అతికించారు. నీళ్లకయితే తుంపర చూడండి. అల ఇరవై మీటర్లదైనా నీటి బొట్టు సైజు పెరగదు, సన్నటి పొగలాగా విడిపోవాలి. బొట్లు గోలీల్లా కనిపిస్తే అల బకెట్‌లోది.

#18 చెవులపిల్లి
అందరూ కళ్ల గురించే. హారర్ ట్రైలర్‌కి సగం పని చెవిదండీ.

ఫోన్ స్పీకర్లో హారర్ ట్రైలర్ చూసి "భయం వేయలేదు" అని రాసేవాళ్లకి: అంత చిన్న స్పీకర్‌కి కింది శబ్దాలు పలకవు. ఆ గుండెల్లో గురగుర అంతా పోయి కీచు మాత్రమే మిగులుతుంది. ఇయర్‌ఫోన్స్ అయినా పెట్టుకోండి.

యూట్యూబ్ శబ్దాన్ని ఒక మట్టానికి తెస్తుంది, సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినిపించే గట్టితనానికి కొలత). దానికంటే గట్టిగా ఉంటే తగ్గిస్తుంది, మెత్తగా ఉంటే పెంచదు. స్టాట్స్ ఫర్ నెర్డ్స్‌లో వాల్యూమ్ వరస చూడండి. "100 శాతం / 50 శాతం, కంటెంట్ లౌడ్‌నెస్ 6 డీబీ" అని ఉంటే ఆ ట్రైలర్ 6 డెసిబెల్స్ ఎక్కువ గట్టిగా మిక్స్ చేశారని, యూట్యూబ్ దాన్ని సగానికి కోసిందని అర్థం. మొదటినుంచి చివరిదాకా డమడమ కొట్టిన ట్రైలర్ మొత్తంగా తగ్గిపోతుంది, చివరి దెబ్బకి ఇక చోటుండదు. నిశ్శబ్దం ఉంచిన ట్రైలర్‌కి సగటు తక్కువ, అందుకే దాని ఒక్క దెబ్బ అసలు బలంతో తగులుతుంది. ఎవరు తెలివైనవాళ్లో ఈ ఒక్క అంకె చెప్పేస్తుంది.

ఉలిక్కిపడే షాట్‌కి ముందు శబ్దం ఎక్కడ ఆగిందో, దెబ్బ ఎక్కడ పడిందో టైం రాసుకోండి. ప్రతిసారీ అదే వ్యవధి అయితే మూడోసారికి కన్ను ముందే మూసుకుంటుంది. ఒకసారి నిశ్శబ్దం పెట్టి దెబ్బ కొట్టకుండా వదిలేసిన ట్రైలర్ ఉందనుకోండి, ఆ ఎడిటర్ పేరు గుర్తుపెట్టుకోండి.

ఇంకోటి. ట్రైలర్ సంగీతం సినిమాలోదే అనుకోకండి. లైబ్రరీ నుంచి కొన్న రైజర్లు (పెరుగుతూ పోయే శబ్దాలు), హిట్లు (దెబ్బ శబ్దాలు) చాలా ట్రైలర్లలో ఉంటాయి. "బీజీఎం అదిరింది, సినిమా హిట్" అనేది గాల్లో మేడ.

#19 నైట్‌షో_నాగోల్
మరి థియేటర్ల అదే ట్రైలర్ చెవులు పగలగొడ్తది, ఎందుకు?

#20 బాల్కనీ_బి12
థియేటర్ సౌండ్ ప్రాసెసర్‌లో ఫేడర్ (సౌండ్ పెంచే, తగ్గించే మీట) 7 అంటే సినిమా మిక్స్ చేసిన మట్టం. సినిమాలో మాటలు మెల్లగా, పోరాటాలు గట్టిగా ఉంటాయి. ట్రైలర్‌లో మెల్లగా అనేదే ఉండదు కాబట్టి అదే 7లో వేస్తే గోల. 4 నుంచి 10 మధ్య ఒక్కో అంకెకి 3.3 డెసిబెల్స్ తేడా, 7 నుంచి 5.5కి దించితే 5 డెసిబెల్స్ తగ్గినట్టు. ట్రైలర్లకి దించి, సినిమా మొదలయ్యేటప్పుడు తిరిగి 7కి ఎక్కించాలి. మర్చిపోతే సినిమా అంతా గొణుగుతుంది. ఇంటర్వెల్ లోపు "సౌండ్ పెంచండి" అని ఎవరో ఒకరు అరిచేది ఇలాంటి చోటే. బాల్కనీ నుంచి అరిస్తే వినపడదు, గేటు దగ్గర మనిషికి చెప్పండి.

బొమ్మ సంగతి కూడా చెప్తాను. హైదరాబాద్ ప్రసాద్స్ మల్టీప్లెక్స్‌లోని పీసీఎక్స్ తెర 101.6 అడుగుల వెడల్పు, 64 అడుగుల ఎత్తు. స్కోప్ ట్రైలర్, అంటే 2.39 నిష్పత్తిది, ఆ వెడల్పంతా పరిస్తే ఎత్తు 42 అడుగుల చిల్లర వస్తుంది, మిగతా ఇరవై అడుగులు ఖాళీ. 1.85 ఫ్లాట్ అయితే దాదాపు 55 అడుగులు. "పెద్ద తెర కోసం తీశారు" అని ప్రచారం చేసే సినిమా ట్రైలర్లో నల్లపట్టీలు ఎంత మందాన ఉన్నాయో యూట్యూబ్‌లోనే కొలవండి. 1920 వెడల్పులో బొమ్మ ఎత్తు సుమారు 803 పిక్సెల్స్ ఉంటే స్కోప్. 1010 దగ్గర ఉంటే 1.90, పెద్ద తెర ఫార్మాట్. ట్రైలర్ మధ్యలో పట్టీలు మారితే ఏయే సీన్లు పొడుగు ఫ్రేములో తీశారో కూడా దొరికిపోతుంది. కొందరు ట్రైలర్ అంతటికీ ఒకే పట్టీ వేసేస్తారు, కాబట్టి మారలేదని పొడుగు సీన్లు లేవనుకోవద్దు.

#21 కొత్తగాచేరా
థియేటర్లో ట్రైలర్‌కి ముందు సర్టిఫికెట్ పడుతుంది, యూట్యూబ్‌లో పడదు. అందుకే కట్‌లు వేరుగా ఉంటాయా?

#22 ఫ్రేమ్‌వేటగాడు
థియేటర్లో వేసే ట్రైలర్‌కి సెన్సార్ సర్టిఫికెట్ తప్పనిసరి, యూట్యూబ్‌కి అక్కర్లేదు. అందుకే థియేటర్ వెర్షన్లో ఒక మాట మ్యూట్ కావచ్చు, రక్తం షాట్ పోవచ్చు. హారర్ ఎంత ఘాటో తెలుసుకోవాలంటే రెండూ పోల్చండి. సినిమాలకి 2024 నుంచి యూఏని 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్ అని మూడుగా చేశారు కాబట్టి పోస్టర్ మీద "యూఏ" మాత్రమే చూసి ఊరుకోకండి, పక్క అంకె చదవండి.

#23 ఒత్తక్షరం
ఐదు భాషల ట్రైలర్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. నటుడు సెట్‌లో ఏ భాషలో పలికాడో పెదాలే చెప్తాయి. ప, బ, భ, మ... ఈ నాలుగింటికీ పెదాలు కలవకుండా పలకడం ఎవరివల్లా కాదు. తెలుగు ట్రైలర్లో "మహాబలం" అని వినిపిస్తుంటే పెదాలు మూడుసార్లు కలవాలి. ఒక్కసారే కలిస్తే అతను అన్నది ఇంకేదో. క్లోజప్‌ని పావు వేగంలో పెట్టి చూడండి.

రెండో గుర్తు వాక్యం చివర. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, నోరు తెరిచే ఆగుతుంది. హిందీలో చాలా మాటలు హల్లు దగ్గర టక్కున ఆగుతాయి. డైలాగ్ అయిపోయాక కూడా "...ఊ" అంటూ గొంతు సాగుతూ, నోరు మూసి ఉంటే అది డబ్బింగ్. ఇది పాపం కాదు. కానీ "మన సినిమా" అని చెప్పి విలన్‌తో వేరే భాష పలికించి మనకి అతికించారా, అందరినీ తెలుగులోనే పలికించారా అనేది రియాక్షన్‌లో రాయదగ్గ సంగతి.

సైన్స్ ఫిక్షన్ ట్రైలర్లయితే తెర మీద కనిపించే అక్షరాలు చూడండి. భవిష్యత్తు హైదరాబాద్ అంటారు, బోర్డుల మీద తెలుగు ఫాంట్‌లో ఒత్తులు విడిపోయి పక్కన పడుంటాయి. ఐదు నిమిషాల పని అది, చేయలేదంటే ఆ ప్రపంచం మీద ఎవరికీ శ్రద్ధ లేదని.

#24 పచ్చతెర
ఒత్తుల మాట వచ్చింది కాబట్టి: "కాన్సెప్ట్ ట్రైలర్" పేరుతో ఏఐతో చేసి వదిలేవాటిని పట్టుకోవడానికి కూడా ఇదే మొదటి గుర్తు. వెనక బోర్డుల మీద తెలుగులా ఉండి తెలుగు కాని అక్షరాలుంటాయి. షాట్లన్నీ మూడు నాలుగు సెకన్లే, ఒకే మనిషి నగలు షాట్ షాట్‌కీ మారతాయి, ఎవరూ ఎవరితోనూ పూర్తి వాక్యం మాట్లాడరు. ఇక్కడ లింక్ పెట్టే ముందు నిర్మాణ సంస్థ ఛానెల్‌లో ఉందో లేదో చూడండి.

#25 నైట్‌షో_నాగోల్
కథ మొత్తం ట్రైలర్లనే చెప్పేసిండ్రు అని ఏడ్చేటోళ్లు ఉంటరు గదా. వాళ్లకి ఏం జెప్తరు?

#26 ఫ్రేమ్‌వేటగాడు
ట్రైలర్ వరసని కథ వరస అనుకోవద్దని చెప్తా. ఒక సీన్‌లో మాట, ఇంకో సీన్‌లో ముఖం, మూడో సీన్‌లో ఉలికిపాటు తెచ్చి అతికిస్తారు. విడదీయాలంటే మారనివి పట్టుకోండి: గడ్డం పొడవు, నుదుటి గాయం ఏ వైపు ఉంది, బట్టల మీద బురద, కిటికీలోంచి వెలుగు కోణం. గాయం ఉన్న షాట్లన్నీ ఒక గుంపు, లేనివి ఒక గుంపు చేస్తే సగం కథ క్రమం వచ్చేస్తుంది. అయినా నమ్మకం పెట్టుకోకండి. స్టార్ వార్స్ సినిమా రోగ్ వన్ ట్రైలర్లలో చూపించిన చాలా షాట్లు 2016లో వచ్చిన సినిమాలో లేనే లేవు.

#27 బాల్కనీ_బి12
వ్యూస్ లెక్కల గురించి ఒక్క మాట. 24 గంటల్లో ఇన్ని కోట్లు అని కొట్టుకుంటున్నారు. ట్రైలర్‌ని యాడ్‌గా వేసి, ఎవరైనా స్కిప్ చేయకుండా 30 సెకన్లు చూస్తే అదీ ఒక వ్యూ కిందికే వస్తుంది. వ్యూస్ కోట్లలో ఉండి కామెంట్లు వేలల్లోనే ఉంటే మీకే అర్థమవుతుంది. ఇక చాలు, ఈ దారంలో ఆ గొడవ వద్దు.

#28 కొత్తగాచేరా
రియాక్షన్ వీడియో చేస్తే ట్రైలర్ మొత్తం చూపించొచ్చా? కాపీరైట్ వస్తుందా?

#29 చెవులపిల్లి
రెండు వేరు వేరు విషయాలు తమ్ముడూ. కంటెంట్ ఐడీ క్లెయిమ్ అంటే మెషీన్ పట్టుకుని ఆదాయం వాళ్లకి మళ్లించడం, లేదా వీడియో ఆపడం. ఛానెల్‌కి దెబ్బ ఉండదు. స్ట్రైక్ అంటే హక్కుదారుడు చట్టప్రకారం తీసేయమని అడగడం. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానెల్ పోతుంది. ఎక్కువగా పట్టుబడేది బొమ్మ వల్ల కాదు, పాట వల్ల. ఆడియో హక్కులు మ్యూజిక్ కంపెనీ దగ్గర ఉంటాయి, నిర్మాత "రియాక్ట్ చేసుకోండి" అన్నా ఆ క్లెయిమ్ ఆగదు.

మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ విమర్శ, సమీక్ష కోసం న్యాయంగా వాడుకోవడాన్ని ఒప్పుకుంటుంది. కానీ ట్రైలర్ మొత్తం ఆపకుండా వేసి మూలన మీ ముఖం పెట్టి "వావ్" అంటే అది సమీక్ష అని నిలబెట్టడం కష్టం. షాట్ ఆపండి, మాట్లాడండి, పైన వీళ్లు చెప్పినట్టు ఫ్రేము చూపించి కారణం చెప్పండి. ట్రైలర్ శబ్దం తగ్గించి మీ మాట పైన ఉంచండి. క్లెయిమ్ వస్తే వివాదం పెట్టొచ్చు, అవతలివాళ్లకి జవాబుకి 30 రోజుల గడువు ఉంటుంది. ఈలోపు వీడియో తీసేసి మళ్లీ ఎక్కించకండి, కొత్తదానికీ అదే క్లెయిమ్ వస్తుంది.

#30 నైట్‌షో_నాగోల్
మస్తు. అయితే శుక్రవారం పడే ట్రైలర్ నుంచి షురూ చేద్దాం. ఎవరేం రాసినా ముందు ఇవి ఉండాలె: ఏ రిజల్యూషన్ల చూసినవ్, ఎన్నో సెకను, ఏ తప్పు ఏ దశల పుట్టింది, రిలీజ్‌కి ఎన్ని రోజులున్నయ్. ఇవి లేకుండ "తేలిపోయింది" అని పెడితే మోడరేటర్ తీసేస్తడు.

#31 కొత్తగాచేరా
"పూనకాలు" అని పెడితే?

#32 నైట్‌షో_నాగోల్
దానికి సెకను నంబర్ చాలు.